టోక్యోలో స్నేహితులతో ఒక్క రోజు: తూర్పు పక్కా, పడమర పక్కా, సముద్రం ఒడ్డా?

క్యోటో, ఒసాకా చుట్టేసి వచ్చేసరికి చాలామందికి టోక్యో కోసం మిగిలేది ఒక్క రోజే. ఆఫీసు పని మీద వచ్చినవాళ్లకైతే మధ్యలో దొరికే ఒక్క ఆదివారం. ఆ రోజులోనే గుడి చూడాలి, టవర్ ఎక్కాలి, రీల్స్‌లో కనిపించే ఆ క్రాసింగ్ దాటాలి, చేపల మార్కెట్‌కి వెళ్లాలి, బొమ్మల షాపులు తిరగాలి, రాత్రికి ఎక్కడైనా కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి. వాట్సాప్ గ్రూపులో లిస్టు పెరుగుతూనే ఉంటుంది గానీ తగ్గదు.

నేనూ మొదటిసారి అలాంటి లిస్టు పట్టుకునే బయల్దేరాను. మొత్తం ఆరుగురం. పొద్దున పాత చేపల మార్కెట్ పేట సుకిజి, తర్వాత అసకుస, మధ్యాహ్నం హరాజుకు, అక్కడినుంచి ఒడైబా, రాత్రికి షింజుకు. షింజుకు స్టేషన్‌లో ఇద్దరు తప్పిపోయారు. రోజుకు ముప్ఫై లక్షలమందికి పైగా వచ్చిపోయే స్టేషన్ అది. బయటికి దారులే రెండు వందలదాకా ఉంటాయి. ఫోన్ చేస్తే "దక్షిణం గేటు దగ్గరే ఉన్నాం రా" అన్నారు. మేమూ దక్షిణం గేటు దగ్గరే ఉన్నాం. దక్షిణం, కొత్త దక్షిణం, ఆగ్నేయం అని మూడు వేర్వేరు గేట్లు ఉన్నాయని తెలిసేసరికి యాభై నిమిషాలు పోయాయి. రాత్రి రూముకొచ్చి లెక్కేస్తే, తిరిగిన పదమూడు గంటల్లో దాదాపు ఐదు గంటలు రైళ్లలో, ప్లాట్‌ఫారాల మీద, ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటంలోనే అయిపోయాయి.

అప్పటినుంచి ఎవరొచ్చి అడిగినా మూడు దారులు ముందు పెట్టి ఒకటి ఎంచుకోమంటున్నాను. తూర్పున పాత ఊరు, అంటే అసకుస, ఉయెనో, అకిహబర. పడమరన కుర్రకారు టోక్యో, అంటే మెయిజి గుడి, హరాజుకు, షిబుయా. దక్షిణాన సముద్రం ఒడ్డు, అంటే టొయొసు, ఒడైబా. కమాకుర బుద్ధుడి గురించి కూడా అడుగుతారు. అది చాలా బాగుంటుంది, కానీ రైల్లో వెళ్లడానికే గంట పడుతుంది. దానికి వేరే రోజు పెట్టుకోండి.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

కాళ్లు. టోక్యోలో ఒక రోజు తిరిగితే ఫోన్‌లో ఇరవై వేల అడుగులు మామూలుగా పడతాయి. రైళ్లు ఉన్నాయి కదా అనుకుంటాం గానీ, రైలు మారడానికే ఒక్కోసారి పావుగంట నడవాలి. మీ గ్రూపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ఎవరో చూసి, వాళ్లను బట్టి ప్లాన్ వేయండి. హుషారుగా ఉన్నవాళ్లను బట్టి వేస్తే సాయంత్రం నాలుగుకల్లా ఒకరు మెట్ల మీద కూలబడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటూ నిలబడతారు.

తిండి. మనవాళ్ల గ్రూపులో గొడవలకు అసలు కారణం ఇదే. ఒకరు పూర్తి శాకాహారి, ఒకరు శనివారాలు మాత్రమే, ఒకరు చికెన్ తింటారు గానీ బీఫ్, పోర్క్ ముట్టరు, ఒకరు "నేను అన్నీ తింటాను" అంటూ రామెన్ షాపు ముందే నిలబడిపోతారు. జపాన్ వంటలో దాషి అనే రసం దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది. దాన్ని ఎక్కువగా ఎండబెట్టిన చేప తురుముతో కాస్తారు. చూడటానికి కూరగాయల ఉడోన్ (లావు నూడుల్స్) లాగే ఉంటుంది, చారు మాత్రం చేపది. "వెజిటేరియన్" అని చెప్తే మాంసం ముక్కలు తీసేసి తెచ్చిపెట్టడం మామూలే. కాబట్టి శాకాహారులు ఉంటే, మధ్యాహ్నం భోజనం ఎక్కడో పొద్దున బయల్దేరేటప్పుడే తేల్చుకోవాలి. ఆకలి వేశాక వెతకడం మొదలుపెడితే ఆ రోజు ఖరాబే.

టైమ్ ఉన్న టికెట్లు. కొన్నిటికి ముందుగా ఫలానా టైమ్‌కని టికెట్ కొనాలి. రోజుకు అలాంటిది ఒకటి ఉంటే దాని చుట్టూ మిగతా రోజు అల్లుకోవచ్చు. రెండుంటే రోజంతా పరుగే.

సాయంత్రం. స్నేహితులతో వెళ్లినప్పుడు పగలు చూసినదానికంటే సాయంత్రం ఎక్కడ కూర్చున్నామన్నదే ఎక్కువగా గుర్తుంటుంది. చలికాలంలో టోక్యోలో నాలుగున్నరకే చీకటి పడుతుంది. జూన్‌లోనైతే ఏడింటిదాకా వెలుగు ఉంటుంది.

డబ్బు సంగతి చివర్న చెబుతున్నానని చిన్నదనుకోవద్దు. వంద యెన్‌లంటే ఈ మధ్య రేటు ప్రకారం సుమారు 55–60 రూపాయలు. కింది పట్టికలో ఖర్చు మనిషికి, రైళ్లు, టికెట్లు, రెండు పూటల తిండి కలిపి నా అంచనా. షాపింగ్ అందులో లేదు.

| | తూర్పు: అసకుస–అకిహబర | పడమర: హరాజుకు–షిబుయా | సముద్రం ఒడ్డు: టొయొసు–ఒడైబా |
|---|---|---|---|
| నడక | ఎక్కువే, కానీ మధ్యమధ్యలో కూర్చోవచ్చు | చాలా ఎక్కువ, జనంలో | తక్కువ, కానీ ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య దూరం ఎక్కువ |
| శాకాహారం | బాగా దొరుకుతుంది | వెతికితే దొరుకుతుంది | కష్టం |
| ముందస్తు టికెట్ | అక్కర్లేదు | షిబుయా స్కై టెర్రస్ నుంచి సూర్యాస్తమయం చూడాలంటే తప్పనిసరి | తప్పనిసరి |
| సాయంత్రం | ప్రశాంతం, తొందరగా సద్దుమణుగుతుంది | అర్ధరాత్రిదాకా సందడి | వ్యూ బాగుంటుంది, కూర్చునే చోట్లు తక్కువ |
| వాన, ఎండ | ఓ మోస్తరు | ఇబ్బంది | ఇదే మేలు |
| ఖర్చు | 4,000–6,000 యెన్‌లు | 6,000–9,000 యెన్‌లు | 8,000–10,000 యెన్‌లు |

## తూర్పు: పాత ఊరు

నన్ను కళ్లు మూసుకుని ఒకటి చెప్పమంటే ఇదే చెబుతాను. మొదటిసారి వచ్చినవాళ్లకు, వయసులు కలగలిసిన గ్రూపులకు, తిండి పట్టింపులు ఉన్నవాళ్లకు దీన్ని మించింది లేదు.

పొద్దున ఎనిమిదికల్లా అసకుసలో ఉండాలి. సెన్సోజి టోక్యోలోకెల్లా పాత గుడి. సుమిద నదిలో ఇద్దరు అన్నదమ్ముల వలలో కన్నోన్ విగ్రహం పడిందని, అది 628లో జరిగిందని స్థలపురాణం. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే. ఇప్పుడున్న ప్రధాన మందిరం మాత్రం పాతది కాదు. 1945 బాంబు దాడిలో కాలిపోతే 1958లో మళ్లీ కట్టారు. ముందున్న కమినారిమోన్ గేటు, దానికి వేలాడే దాదాపు నాలుగు మీటర్ల ఎర్ర లాంతరు అందరి ఫొటోల్లో చూసేవే. లాంతరు బరువు 700 కిలోలు. తొమ్మిదిన్నర దాటితే దాని కింద ఫొటో కోసం మోచేతులతో తోసుకోవాలి, ఎనిమిదికి అయితే ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. గేటు నుంచి గుడిదాకా ఉన్న నకమిసె వీధిలో షాపులు అప్పటికి తెరవరు, కానీ మూసి ఉన్న షట్టర్ల మీద బొమ్మలు వేసి ఉంటాయి. అవి ఆ టైమ్‌లోనే కనిపిస్తాయి.

స్నేహితులతో చేయాల్సిన పని ఇక్కడ ఒకటుంది. ఒమికుజి, అంటే చీటీ జోస్యం. వంద యెన్‌లు డబ్బాలో వేసి, పొడవాటి లోహపు డబ్బాను తలకిందులు చేసి గలగలా ఆడిస్తే చిన్న రంధ్రంలోంచి ఒక పుల్ల బయటికొస్తుంది. దాని మీది అంకె చూసుకుని, ఎదురుగా ఉన్న చెక్క సొరుగుల్లో ఆ అంకె సొరుగు లాగి కాగితం తీసుకోవాలి. ఇంగ్లీషులో కూడా రాసి ఉంటుంది. ఈ గుడి చీటీల్లో చెడు జోస్యాల పాలు ఎక్కువని పేరు, వందకు ముప్ఫై ఉంటాయంటారు. మా ఆరుగురిలో ముగ్గురికి చెడ్డదే వచ్చింది. ఒకడి కాగితంలో "పోయిన వస్తువు దొరకదు, ప్రయాణం మంచిది కాదు, పెళ్లి కుదరదు" అని వరుసగా ఉంది. వాడు ఆ కాగితాన్ని అక్కడున్న తీగకు ముడివేసి వదిలేశాడు. చెడ్డ చీటీని అలా కట్టేసి వెళ్లిపోవడమే పద్ధతి. మిగతా రోజంతా వాడిని ఏడిపించడానికి మాకు అది చాలింది.

గేటుకు ఎదురుగా పర్యాటక సమాచార కేంద్రం ఉంది. చెక్క పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటుంది. ఎనిమిదో అంతస్తు నుంచి గుడి వీధి మొత్తం, పక్కన 634 మీటర్ల స్కైట్రీ టవర్ కనిపిస్తాయి. టికెట్ లేదు. స్కైట్రీ ఎక్కాలా వద్దా అని గ్రూపు తర్జనభర్జన పడుతుంటే ముందు ఇక్కడికి తీసుకెళ్లండి, సగం మంది "చాలు" అంటారు. టవర్ ఎక్కితే స్కైట్రీని చూడలేం కదా.

అక్కడినుంచి పది నిమిషాలు నడిస్తే కప్పబాషి. వంటింటి సామాన్ల వీధి. హోటళ్లవాళ్లు కొనుక్కునే చోటు. కత్తులు, గిన్నెలు, షాపు అద్దాల వెనక పెట్టే ప్లాస్టిక్ వంటకాల నమూనాలు అన్నీ ఇక్కడే. వంట మీద ఇష్టం ఉన్నవాళ్లు ఒక్కరున్నా గంట పోతుంది, తెలిసే వెళ్లండి. కత్తి కొంటే చెకిన్ బ్యాగులోనే పెట్టాలి. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి.

మధ్యాహ్నానికి ఉయెనో, దాని పక్కనే ఒకాచిమాచి. శాకాహారులున్న గ్రూపులకు నేను తూర్పు చెప్పడానికి అసలు కారణం ఈ ఒకాచిమాచే. ఇది టోక్యో నగల హోల్‌సేల్ పేట. రంగురాళ్ల వ్యాపారం కోసం జైపూర్ నుంచి వచ్చి స్థిరపడ్డ జైనులు ఇక్కడ చాలామంది. వాళ్లున్నచోట ఉల్లిపాయ కూడా వేయకుండా వండిపెట్టే హోటల్ ఉండకుండా ఉంటుందా! ఆంధ్రా కిచెన్ అనే హోటల్ కూడా ఈ పేటలోనే ఉంది. వెళ్లే ముందు ఆ రోజు తెరిచి ఉందో లేదో మ్యాప్‌లో చూసుకోండి, జపాన్‌లో హోటళ్లకు మధ్యాహ్నం భోజనం తర్వాత కాసేపు మూసేసే అలవాటుంది. అన్నీ తినే స్నేహితులు అదే టైమ్‌లో రైలు పట్టాల కింద సాగే అమెయొకొ బజారులో చేపలో, కబాబులో తినొచ్చు. గంట తర్వాత ఫలానా చోట కలుద్దామంటే ఎవరికీ లోటు ఉండదు.

భోజనం అయ్యాక షినొబజు చెరువు. మధ్యలో చిన్న దీవి మీద గుడి, అందులో బెంజైతెన్ దేవత. ఆవిడ ఎవరో కాదు, మన సరస్వతి. బౌద్ధంతో పాటు చైనా మీదుగా వచ్చి ఇక్కడ స్థిరపడింది, చేతిలోని వీణ స్థానంలో బివా అనే వాయిద్యం చేరింది. గుడి ముందు రాతి మీద ఆ వాయిద్యం రూపం ఉంటుంది. జులై, ఆగస్టుల్లో చెరువు నిండా తామరాకులే, నీళ్లు కనిపించవు. ఉయెనో పార్కులోనే టోక్యో నేషనల్ మ్యూజియం ఉంది (టికెట్ 1,000 యెన్‌లు, సోమవారం సెలవు), కానీ స్నేహితుల గుంపుతో మ్యూజియం వద్దనే నా సలహా. ఒకరు ప్రతి కత్తి దగ్గరా చదువుతూ ఆగుతారు, ఇద్దరు ముందే బయటికొచ్చి కూర్చుంటారు.

సాయంత్రం అకిహబర, ఉయెనో నుంచి రెండు స్టేషన్లు. బొమ్మలు, పాత వీడియో గేములు, ఎలక్ట్రానిక్ విడిభాగాలు. ఇష్టం ఉన్నవాళ్లకు స్వర్గం, లేనివాళ్లకు తలనొప్పి. రెండో రకంవాళ్లు అక్కడినుంచి పది నిమిషాలు నడిచి కందా మ్యోజిన్ గుడికి వెళ్లొచ్చు. అక్కడ కంప్యూటర్లు, డేటా భద్రంగా ఉండటానికి తాయెత్తు అమ్ముతారు. సుమారు వెయ్యి యెన్‌లు. ల్యాప్‌టాప్‌కి అంటించుకునే స్టికర్ కూడా అందులో ఉంటుంది. హైదరాబాద్ టీమ్‌కి ఏం తీసుకెళ్లాలా అని ఆలోచించేవాళ్లకు ఇంతకంటే మంచి కానుక నాకు తట్టలేదు. ప్రొడక్షన్ రిలీజుకు ముందు రోజు ఇస్తే ఇంకా మంచిది.

లోటు ఏమిటంటే, ఈ పక్క రాత్రి తొందరగా సద్దుమణుగుతుంది. తొమ్మిది దాటాక "ఇప్పుడెక్కడికి?" అని మొహాలు చూసుకుంటారు. పాతికేళ్ల కుర్రాళ్ల గ్రూపుకు ఇది పెద్ద లోటే.

## పడమర: జనం, వెలుగులు

అందరూ ఒకే వయసువాళ్లు, బాగా నడవగలిగినవాళ్లు, ఫొటోలూ షాపింగూ రాత్రి సందడీ కావాలనుకునేవాళ్లయితే పడమరకే వెళ్లండి. తూర్పు వెళ్తే మధ్యాహ్నానికే బోర్ అంటారు.

హరాజుకు స్టేషన్ పక్కనే మెయిజి జింగు. 1920లో మెయిజి చక్రవర్తి, ఆయన భార్య షోకెన్ స్మృతికి కట్టిన మందిరం, జపాన్ సొంత మతమైన షింటోది. చుట్టూ ఉన్న అడవి చూస్తే వందల ఏళ్లనాటిదనిపిస్తుంది. నిజానికి అది మనుషులు నాటినదే. దేశం నలుమూలల నుంచి ప్రజలు పంపిన దాదాపు లక్ష చెట్లను తెచ్చి నాటారు, ఆ తర్వాత దానంతట అదే అడవిగా పెరగాలని వదిలేశారు. దారి పొడవునా కంకర పరిచి ఉంటుంది, లోపలికి పది నిమిషాలకు పైగా నడక. హీల్స్ వేసుకొస్తే కష్టం. మందిరం ముందు రెండుసార్లు వంగి దండం, రెండు చప్పట్లు, మళ్లీ ఒకసారి వంగడం. సెన్సోజిలో మాత్రం చప్పట్లు కొట్టరు, అది బౌద్ధం. సూర్యోదయానికి తెరిచి సూర్యాస్తమయానికి మూసేస్తారు కాబట్టి దీన్ని సాయంత్రానికి పెట్టుకోవద్దు.

అడవిలోంచి బయటికొచ్చి రోడ్డు దాటితే తకెషిత వీధి. 350 మీటర్ల సందు, ఆదివారం అయితే మన కోఠి దసరా ముందు ఎలా ఉంటుందో అలా. రంగురంగుల తీపి పదార్థాలు, పాత బట్టలు, పిల్లుల కేఫ్‌లు. అరగంట చాలు. అక్కడినుంచి షిబుయాకి రైలు ఎక్కకుండా వెనక వీధుల్లో నడవండి, ఇరవై ఐదు నిమిషాలు. ఈ దారిలో కాఫీ షాపులు బాగుంటాయి.

షిబుయాలో హచికో విగ్రహం దగ్గర కలుద్దామని మాత్రం అనుకోవద్దు. యజమాని చనిపోయాక కూడా దాదాపు పదేళ్లు స్టేషన్ దగ్గర ఎదురుచూసి 1935లో చనిపోయిన కుక్క అది. ఇప్పుడు అక్కడ ఎదురుచూసేవాళ్లే వందలమంది, మీ వాళ్లు కనిపించరు. రీల్స్‌లో కనిపించే ఆ క్రాసింగ్ ఇక్కడిదే, రెండుసార్లు దాటితే ముచ్చట తీరుతుంది. అసలు దృశ్యం పైనుంచి. షిబుయా స్కై 229 మీటర్ల ఎత్తున, తెరిచి ఉన్న టెర్రస్. సూర్యాస్తమయపు స్లాట్లు అమ్మకానికి పెట్టిన కాసేపటికే అయిపోతాయి. ఆరుగురికి ఒకే టైమ్‌లో కావాలంటే ఆన్‌లైన్‌లో తెరిచిన రోజే కొనేయాలి. బ్యాగులు, టోపీలు లాకర్లో పెట్టించాకే పైకి వదులుతారు, గాలి అలా ఉంటుంది. వాన, గాలి ఎక్కువైతే పై టెర్రస్ మూసేస్తారు. టికెట్ దొరకలేదా? బాధపడకండి. షింజుకులోని టోక్యో ప్రభుత్వ భవనం 45వ అంతస్తు, 202 మీటర్ల ఎత్తు, పూర్తిగా ఉచితం. తేడా ఏమిటంటే అక్కడ అద్దం వెనక నుంచి చూడాలి.

రాత్రికి ఇజకయా, అంటే తాగుతూ కొంచెం కొంచెంగా తినే చోటు. కూర్చోగానే అడగకుండా ఒక చిన్న గిన్నె తెచ్చిపెడతారు. దాని పేరు ఒతోషి, మనిషికి 300–500 యెన్‌లు బిల్లులో పడతాయి. అది మోసం కాదు, కూర్చున్నందుకు ఛార్జీ. ఆరుగురికి విడివిడి బిల్లులు అడిగితే కుదరదనే అంటారు, ఒకరు కట్టి తర్వాత పంచుకోండి. ఇరవై నిండనివాళ్లకు మందు ఇవ్వరు. బయట రోడ్డు మీద సీసా పట్టుకుని తిరగొద్దు, షిబుయా స్టేషన్ చుట్టుపక్కల సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఐదుదాకా వీధిలో తాగడం 2024 అక్టోబర్ నుంచి నిషేధం. షింజుకులోని రాత్రి సందడి పేట కబుకిచోలో "రండి, చవక" అంటూ వెంటపడేవాళ్ల వెనక అసలు వెళ్లొద్దు.

శాకాహారులకు ఈ పక్క కూడా తిండి దొరుకుతుంది, వీగన్ కేఫ్‌లు ఉన్నాయి. కానీ అందరూ ఒకే టేబుల్ మీద కూర్చుని తినాలంటే ముందే బుక్ చేయాలి.

## సముద్రం ఒడ్డు

దీన్ని నేను రెండు సందర్భాల్లోనే చెబుతాను: ఆగస్టులో, వానలో. ఆగస్టు టోక్యో విజయవాడ మే నెలకు తీసిపోదు, ఉక్కపోతలో ఒక మెట్టు ఎక్కువే. జూన్ నుంచి జులై మధ్యదాకా వానల కాలం. అప్పుడు లోపల తిరిగే చోట్లు కావాలి.

టొయొసులో టీమ్‌ల్యాబ్ ప్లానెట్స్ అనే వెలుగుల కళా ప్రదర్శన ఉంది. చెప్పులు విడిచి, మోకాళ్లదాకా నీళ్లలో నడుస్తుంటే ఆ నీళ్ల మీద వెలుగు చేపలు ఈదుతాయి, కాలు తగిలితే పువ్వులైపోతాయి. ప్యాంటు మోకాళ్ల పైకి మడవగలిగేది వేసుకోండి. కొన్ని గదుల్లో నేల అద్దమే కాబట్టి స్కర్టులు వద్దు. టికెట్ నాలుగు వేల యెన్‌లకు అటూఇటూ. పిల్లలున్న స్నేహితుల కుటుంబాలకు ఇది బాగా నచ్చుతుంది. పక్క స్టేషన్లోనే టొయొసు చేపల మార్కెట్. 2018లో సుకిజి నుంచి ఇక్కడికి మారింది. ట్యూనా వేలం తెల్లవారుజామునే అయిపోతుంది. మిత్రులందర్నీ నాలుగింటికి లేపగల శక్తి మీకుంటేనే పెట్టుకోండి. ఆదివారం సెలవు, కొన్ని బుధవారాలు కూడా.

అక్కడినుంచి యురికమొమె రైలు. డ్రైవర్ ఉండడు, ముందు సీటు దొరికితే పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువ సంబరపడతారు. ఒడైబా ఒడ్డు నుంచి రెయిన్‌బో బ్రిడ్జ్ రాత్రి వెలుగుల్లో బాగుంటుంది. కానీ నిజం చెప్పాలంటే ఒడైబా అంతా పెద్ద పెద్ద మాల్స్, వెడల్పు రోడ్లు. అలాంటివి మన గచ్చిబౌలిలోనూ ఉన్నాయి.

## రెండూ కావాలంటే: గింజా లైను

తూర్పు, పడమర మధ్య తేల్చుకోలేనివాళ్లకు ఒక్క రాజీ మార్గం ఉంది. గింజా లైను ఒక కొన అసకుస, ఇంకో కొన షిబుయా. ఇది ఆసియాలోనే మొదటి భూగర్భ రైలు మార్గం, 1927లో అసకుస–ఉయెనో మధ్య మొదలైంది. అసకుస మొదటి స్టేషన్ కాబట్టి అందరికీ సీట్లు దొరుకుతాయి. రైలు మారక్కర్లేదు, ముప్ఫై ఐదు నిమిషాలు. ఆ కాసేపు అందరూ నిద్రపోతారు. దిగేసరికి మళ్లీ కొత్తగా ఉంటారు.

పొద్దున ఎనిమిది నుంచి పన్నెండుదాకా అసకుస, ఉయెనో స్టేషన్లో దిగి ఒకాచిమాచిలో భోజనం, రెండున్నరకు మళ్లీ అదే లైను ఎక్కి షిబుయా. అకిహబర, మెయిజి జింగు, తకెషిత వదిలేయాలి. వదిలేయలేమంటే ఈ మార్గం మీకు పనికిరాదు.

## మీరు ఏ రకం?

మొదటిసారి వచ్చారు, గ్రూపులో శాకాహారులున్నారు: తూర్పు. ఇందులో రెండో ఆలోచన లేదు.

కాలేజీ స్నేహితులు, అందరూ ముప్ఫై లోపు: పడమర. షిబుయా స్కై టికెట్ దొరికితే దాని చుట్టూ రోజు అల్లండి.

చిన్నపిల్లలతో రెండు మూడు కుటుంబాలు: మామూలు రోజుల్లో తూర్పు, ఎండలో, వానలో సముద్రం ఒడ్డు. స్ట్రోలర్‌తో తకెషిత వీధికి వెళ్లడం మీకూ, ఎదుటివాళ్లకూ నరకం.

ఇంతకుముందు వచ్చి ఇవన్నీ చూసేసినవాళ్లు: తూర్పులోనే కప్పబాషి, కందా మ్యోజిన్ లాంటివాటికి ఎక్కువ టైమ్ పెట్టి, రాత్రికి నిషికసాయ్ వెళ్లండి. ఎదొగావా వార్డులోని ఈ పేటలో 2000 ప్రాంతం నుంచి భారతీయ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు స్థిరపడుతూ వచ్చారు. సూపర్‌మార్కెట్‌లో పక్కవాళ్లు తెలుగులో కందిపప్పు ధర మాట్లాడుకుంటుంటే వినపడుతుంది. చూసే వింతలేమీ లేవు. వారం రోజులుగా జపాన్ తిండి తిన్న నోటికి మాత్రం బాగుంటుంది.

ఆ రాత్రే విమానం ఉన్నవాళ్లు: తూర్పే. అసకుస నుంచి నరిత, హనెద విమానాశ్రయాలు రెండిటికీ రైలు మారకుండా వెళ్లొచ్చు. పెట్టెలు పొద్దున్నే స్టేషన్ లాకర్లో పెట్టేయండి. పది దాటితే పెద్ద లాకర్లు ఖాళీ ఉండవు.

## బయల్దేరే ముందు నాలుగు మాటలు

రైళ్లలో వాడే ప్రీపెయిడ్ కార్డు, సుయికా గానీ పాస్మో గానీ, మనిషికొకటి ఉండాలి. ఒక కార్డుతో ఇద్దరు గేటు దాటలేరు. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నరదాకా రైళ్లలో ఊపిరాడదు, ఆదివారం పర్వాలేదు. వీధిలో చెత్తబుట్టలు ఉండవు, చేతిసంచిలో ఒక ప్లాస్టిక్ కవర్ పెట్టుకోండి. కలుసుకునే చోటు చెప్పేటప్పుడు స్టేషన్ పేరుతో పాటు గేటు నంబరు కూడా గ్రూపులో పెట్టండి, వీలైతే ఆ బోర్డు ఫొటో తీసి.

చివరి రైళ్లు అర్ధరాత్రి, పన్నెండున్నర మధ్య అయిపోతాయి, ఆ తర్వాత పొద్దున ఐదుకే. ట్యాక్సీకి మొదటి కిలోమీటరుకే 500 యెన్‌లు, రాత్రి పది దాటితే ఇరవై శాతం అదనం. మామూలు ట్యాక్సీలో నలుగురే పడతారు. అంటే మీరు ఐదుగురైతే రెండు ట్యాక్సీలు. పదకొండున్నరకు "ఇంకో అరగంట కూర్చుందాం" అని ఎవరైనా అంటే, ఆ రెండో ట్యాక్సీ డబ్బులు ఎవరివో ముందే తేల్చుకుని కూర్చోండి.